హబ్ రెడీ, మరి దానికి కలిసే సెన్సర్లు, స్విచ్‌లు ఎలా ఎంచుకోవాలి?

వెలుగుదారి:

అందరికీ నమస్కారం. ఇంట్లోని స్మార్ట్ వస్తువులన్నిటినీ ఒకేచోటి నుంచి నడిపించే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఒక మినీ పీసీలో ఎక్కించాను, అదే నా హబ్. ఫోన్‌లో తెరుచుకుంటోంది, అంతవరకూ బాగానే ఉంది. డివైస్‌లు కొనే దగ్గర ఆగిపోయాను.

మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. రాత్రి పూట చాలాసార్లు లేస్తారు. ఆయన మంచం దిగగానే బాత్‌రూమ్ దాకా నడవలో సన్నగా లైటు వెలగాలి, తిరిగి పడుకున్నాక అదే ఆరిపోవాలి. అన్నిటికంటే ముఖ్యం నాకు ఇదే. ఆయన ఫోన్ ముట్టుకోరు కాబట్టి గోడ మీది స్విచ్‌లు ఎప్పటిలాగే పనిచేయాలి. తర్వాత, వీధి తలుపు తెరిచి ఉండిపోతే నాకు తెలియాలి, వాషింగ్ మెషీన్ కింద నీళ్లు కారితే తెలియాలి, గీజర్ ఆపడం మర్చిపోతే దానంతటదే ఆగాలి. వీలైతే ఏసీ కూడా. ఇంటర్నెట్ పోయినా సరే, నాన్నగారి లైటు మాత్రం ఆగకూడదు.

ఒక మోషన్ సెన్సర్ డబ్బా మీద జిగ్‌బీ 3.0 (వైఫై కాని ఇంకో వైర్‌లెస్ పద్ధతి) అని ఉంది, కింద చిన్న అక్షరాల్లో గేట్‌వే తప్పనిసరి అని ఉంది. ఇంకోదాని మీద మ్యాటర్ గుర్తు, దాని కింద థ్రెడ్ బోర్డర్ రౌటర్ కావాలని ఉంది. మూడోది వైఫై. చూడ్డానికి మూడూ ఒకేలా ఉన్నాయి. నా హబ్‌కి ఏది కలుస్తుందో కొనకముందే తెలుసుకునే పద్ధతి ఉందా? ఇంకో విషయం, మా స్విచ్ బోర్డుల్లో న్యూట్రల్ లేదని ఎలక్ట్రీషియన్ చెప్పారు. దాంతో స్మార్ట్ స్విచ్‌లు ఇక కుదరవా?

ప్యాకెట్:

నా మాట వింటే అన్నీ వైఫైలోనే తీసుకోండి. జిగ్‌బీ సిగ్నల్ కోసం హబ్‌కి గుచ్చే యూఎస్‌బీ డాంగిల్ అక్కర్లేదు, ఆ పనే చేసే గేట్‌వే డబ్బా అక్కర్లేదు, ఉన్న రౌటర్ చాలు. ఒక్కటే షరతు, లోకల్ కంట్రోల్ ఉన్నవే కొనాలి. షెల్లీ కంపెనీ రిలేలు (గోడ స్విచ్ వెనక బిగించే చిన్న స్మార్ట్ మాడ్యూళ్లు) హబ్‌తో నేరుగా ఇంటి నెట్‌వర్క్‌లోనే మాట్లాడతాయి, కంపెనీ సర్వర్ దాకా వెళ్లవు. కొంచెం ఓపిక ఉంటే ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు మీద ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని మీ సెన్సర్ మీరే చేసుకోవచ్చు.

కొనేముందు రెండు సంగతులు. ఇలాంటి వైఫై డివైస్‌లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. రౌటర్‌లో వైఫై భద్రత డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే కొన్ని అసలు కలవవు, డబ్ల్యూపీఏ2 కూడా అనుమతించాలి. కలిశాక ప్రతిదానికీ రౌటర్‌లో ఐపీ అడ్రస్ స్థిరంగా కేటాయించండి.

తీగలమనిషి:

వెలుగుదారి గారూ, నాది వైరింగ్ పని. ఈమధ్య ఇళ్లలో హబ్‌లు, రిలే మాడ్యూళ్లు బిగించడమే ఎక్కువగా చేస్తున్నాను. మీరు నాన్నగారి లైటును అన్నిటికన్నా ముందు పెట్టారు. ఆ వరస మార్చకండి, కొనేవన్నీ దాన్ని బట్టే నిర్ణయించుకోండి.

ముందుగా అసలు ప్రశ్న. డబ్బా మీది గుర్తు చూసి కొనకండి, మోడల్ నంబర్ చూసి కొనండి. జిగ్‌బీ 3.0 అనే గుర్తు ఆ వస్తువులో ఏ రేడియో ఉందో చెబుతుంది, అంతే. అందులోని ఏయే సౌకర్యాలు మీ హబ్ దాకా వస్తాయో చెప్పదు. అది తెలియాలంటే, జిగ్‌బీ వస్తువులను హబ్‌కి కలిపే సాఫ్ట్‌వేర్ జిగ్‌బీ2ఎమ్‌క్యూటీటీ వాళ్ల సైట్‌లో డివైస్‌ల జాబితా ఉంది, అందులో మోడల్ నంబర్ కొట్టి వెతకండి. ఒక్కో వస్తువుకూ ఒక్కో పేజీ ఉంటుంది. కదలిక, వెలుతురు, బ్యాటరీ శాతం, ఇలా హబ్‌కి ఏమేం అందుతాయో, మనం ఏమేం మార్చుకోవచ్చో వరసగా రాసి ఉంటుంది. దాని బదులు హోమ్ అసిస్టెంట్‌లోనే ఉన్న, అదే పని చేసే జెడ్‌హెచ్‌ఏ వాడదలచుకున్నా ఈ జాబితా చూడడం మంచిదే. కాకపోతే అందులో ఉన్నవన్నీ జెడ్‌హెచ్‌ఏలో అచ్చం అలాగే పనిచేస్తాయని అనుకోకూడదు.

మీకు కావలసిన మోషన్ సెన్సర్‌నే తీసుకుందాం. కొన్ని సెన్సర్లు ఒకసారి కదలిక చూసి చెప్పాక బ్యాటరీ ఆదా కోసం నిమిషం దాకా మళ్లీ ఏమీ చెప్పవు. ఆ నిమిషంలో మనిషి నడుస్తున్నా, నిలబడ్డా వాటికి పట్టదు. హబ్‌లో మీరు లైటును 40 సెకన్లకు ఆర్పమని పెట్టారనుకోండి. నాన్నగారు గోడ పట్టుకుని నెమ్మదిగా నడుస్తుంటే సగం దారిలో చీకటైపోతుంది. అందుకే ఆ పేజీలో ఈ విరామం ఎంతో, దాన్ని మార్చుకునే వీలుందో లేదో చూడండి. మార్చుకునే రకాల్లో 30, 60, 120 సెకన్లు అని ఎంచుకునే ఏర్పాటు ఉంటుంది. 30 పెట్టి, లైటు ఆరే సమయం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టండి. సన్నటి లైటు పది నిమిషాలు ఎక్కువ వెలిగితే నష్టమేమీ లేదు.

మోడల్ నంబర్‌లోనూ ఒక చిక్కుంది. ట్యూయా అనే కంపెనీ చిప్‌తో వచ్చే వస్తువులు రకరకాల పేర్లతో అమ్ముతారు. హబ్‌కి కలిపాక చూస్తే లోపలి మోడల్ టీఎస్0601 అనో, టీఎస్011ఎఫ్ అనో కనిపిస్తుంది, పక్కనే తయారీదారు కోడ్ ఇంకోటి ఉంటుంది. టీఎస్0601 అని ఉంటే అది జిగ్‌బీలో అందరికీ ఉమ్మడిగా ఉన్న పద్ధతిని వదిలేసి ట్యూయా సొంత పద్ధతిలో మాట్లాడే వస్తువు. దానికి హబ్ వైపు ఎవరో ఒకరు ప్రత్యేకంగా కోడ్ రాసి ఉంటేనే పూర్తిగా పనిచేస్తుంది. డబ్బా, ఫొటో, రంగు అన్నీ ఒకటే అయినా లోపలి కోడ్ వేరుగా ఉండొచ్చు, అమ్మే పేజీలో అది రాయరు. కాబట్టి ఏ రకమైనా ముందు ఒక్కటే తెప్పించండి. హబ్‌కి కలపండి, కావలసినవన్నీ కనిపిస్తున్నాయో లేదో చూడండి. అప్పుడు మిగతావి అదే అమ్మకందారు దగ్గర తీసుకోండి.

ఇక న్యూట్రల్ సంగతి. మీ ఎలక్ట్రీషియన్ అన్నది స్విచ్‌లు మాత్రమే ఉన్న బోర్డుల వరకు నిజం కావచ్చు. అదే బోర్డులో సాకెట్ కూడా ఉంటే అక్కడ న్యూట్రల్ ఉండి తీరుతుంది, లేకపోతే సాకెట్ పనిచేయదు కదా. మెయిన్ ఆపించి ఒక్కో బోర్డూ విప్పించి చూడండి. ఆ లైటు ఏ సర్క్యూట్‌దో న్యూట్రల్ కూడా అదే సర్క్యూట్‌ది అయి ఉండాలి, ఇది మాత్రం గట్టిగా అడగండి. పక్క సర్క్యూట్ న్యూట్రల్ లాక్కొస్తే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ట్రిప్ అవుతుంది, అది ప్రమాదం కూడా.

న్యూట్రల్ అక్కర్లేని స్విచ్‌లు ఉన్నాయి. లైటు ఆపేసి ఉన్నప్పుడు కూడా అవి ఆ లైటు గుండానే కొద్దిగా కరెంటు లాగుతూ బతుకుతాయి. తక్కువ వాట్ల ఎల్‌ఈడీ అయితే ఆపినా మిణుకుమిణుకుమంటుంది, అప్పుడు లైటు దగ్గర బైపాస్ కెపాసిటర్ పెట్టాలి. పైగా జిగ్‌బీలో ఇవి సాధారణంగా రౌటర్‌గా పనిచేయవు.

రౌటర్ అంటే ఇక్కడ వైఫై రౌటర్ కాదు. జిగ్‌బీలో ఎప్పుడూ కరెంటు మీద ఉండే ప్లగ్‌లు, న్యూట్రల్ ఉన్న రిలేలు చాలామటుకు మిగతా వస్తువుల సందేశాలను ముందుకు అందిస్తాయి. బ్యాటరీ సెన్సర్లు ఆ పని చేయవు. నిద్రపోతాయి, అవసరమైనప్పుడు లేచి దగ్గరలోని రౌటర్‌కో, డాంగిల్‌కో చెప్పి మళ్లీ పడుకుంటాయి. ఇంట్లో అన్నీ బ్యాటరీ సెన్సర్లే కొని, సిగ్నల్ అందట్లేదని హబ్‌ను తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. స్మార్ట్ బల్బులు కూడా రౌటర్లే కాని, ఎవరో ఒకరు గోడ స్విచ్ ఆపేస్తారు. బల్బుతో పాటు దాని మీద ఆధారపడ్డ సెన్సర్లూ మూగబోతాయి. పెద్దవాళ్లున్న ఇంట్లో బల్బులు వద్దనే నేను చెబుతాను.

నాన్నగారి లైటు కోసం మీ స్విచ్ బోర్డులు అసలు విప్పకండి. నడవలో ఏదో ఒక ప్లగ్ పాయింటు ఉంటుంది. దానికి ఒక జిగ్‌బీ స్మార్ట్ ప్లగ్, దాని నుంచి గోడ అడుగున పసుపు వెలుగు ఎల్‌ఈడీ స్ట్రిప్. ఉన్న లైటు, ఉన్న స్విచ్ అలాగే ఉంటాయి, ఆయన అలవాటు మారదు. వెలుగు కింది నుంచి వస్తుంది కాబట్టి కళ్లలో పడదు, అడుగు ఎక్కడ వేస్తున్నారో కనిపిస్తుంది. ప్లగ్ రౌటర్ కూడా కాబట్టి పక్కనే ఉన్న మోషన్ సెన్సర్‌కు సిగ్నల్ బాధ ఉండదు. సెన్సర్‌ను మోకాలి ఎత్తులో, మంచం కనిపించకుండా, మంచం దిగిన మనిషి కాళ్లు మాత్రమే కనిపించేలా పెట్టండి. లేకపోతే ఆయన పక్క మార్చి పడుకున్నప్పుడల్లా లైటు వెలుగుతుంది.

గీజర్ గురించి కాస్త కఠినంగానే చెబుతాను. దాని మీద అతికించిన ప్లేటు చదవండి. 2000 వాట్లు అంటే 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు, 3000 వాట్లు అంటే 13. స్విచ్ బాక్సులో దూర్చే చిన్న మాడ్యూళ్లలో చాలావాటి పరిమితి 10 ఆంపియర్లు. 16 అని రాసి ఉన్నా, గాలి ఆడని బాక్సులో గంటసేపు ఆ లోడ్ మోయించడం నాకు ఇష్టం ఉండదు. చిన్న రిలేతో కాంటాక్టర్‌ను (ఎక్కువ కరెంటు మోసే పెద్ద రిలేను) నడిపించి, గీజర్ కరెంటు కాంటాక్టర్ గుండా పోనివ్వండి. ఇక్కడ ప్యాకెట్ గారు చెప్పిన వైఫై రిలే వాడినా అభ్యంతరం లేదు, ఎందుకంటే గీజర్ రెండు సెకన్లు ఆలస్యంగా ఆగినా కొంప మునగదు. కరెంటు పోయి వచ్చాక ఆఫ్‌లోనే ఉండేలా సెట్టింగ్ ఉందో లేదో మాత్రం తప్పకుండా చూసుకోండి. ఆ సెట్టింగ్ లేని రిలే గీజర్‌కు పనికిరాదు.

వెలుగుదారి:

తీగలమనిషి గారూ, స్ట్రిప్ ఆలోచన నాకు తట్టనే లేదు. చాలా ధన్యవాదాలు. నడవలో ప్లగ్ పాయింటు ఉంది, నాన్నగారి గది తలుపు పక్కనే.

మరి మ్యాటర్ మాటేమిటి? ఇకముందు అంతా అదే అంటున్నారు కదా, ఇప్పుడు జిగ్‌బీ కొంటే రేపు పారేయాల్సి వస్తుందేమోనని భయం. జిగ్‌బీ, థ్రెడ్ రెండూ నడుస్తాయని రాసిన డాంగిల్ ఒకటి కనిపించింది. అది తీసుకుంటే రెండు రకాలూ కొనుక్కోవచ్చా?

రెండోగది:

మా ఇంట్లో జిగ్‌బీ, థ్రెడ్ రెండూ ఉన్నాయి కాబట్టి దీనికి నేను చెబుతాను.

మ్యాటర్ అనేది రేడియో కాదు, డివైస్‌లూ హబ్‌లూ మాట్లాడుకోవడానికి కుదుర్చుకున్న ఉమ్మడి ఒప్పందం. 2022 అక్టోబరులో 1.0 వచ్చింది. దాన్ని చూసుకునే సంస్థ, జిగ్‌బీని చూసుకునే సంస్థ ఒకటే. జిగ్‌బీ అలయన్సే 2021లో కనెక్టివిటీ స్టాండర్డ్స్ అలయన్స్‌గా పేరు మార్చుకుంది. మ్యాటర్ సందేశాలు వైఫై మీదా, ఈథర్‌నెట్ మీదా, థ్రెడ్ మీదా నడుస్తాయి. అందుకే మ్యాటర్ అని ఉంటే సరిపోదు, కింద ఏ రేడియో ఉందో చదవాలి. వైఫై అయితే మీ రౌటర్ చాలు. థ్రెడ్ (జిగ్‌బీ లాంటి ఇంకో రేడియో పద్ధతి) అయితే దాన్ని ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే బోర్డర్ రౌటర్ ఇంట్లో ఉండాలి. కొన్ని స్మార్ట్ స్పీకర్లలో, ఆపిల్ టీవీ మోడళ్లు కొన్నింటిలో అది ఇప్పటికే ఉంటుంది. లేదంటే డాంగిల్‌తో హోమ్ అసిస్టెంట్‌లోనే పెట్టుకోవచ్చు. ఇంట్లో రౌటర్ ఐపీవీ6ను (కొత్త రకం నెట్‌వర్క్ అడ్రస్ పద్ధతిని) అడ్డుకోకూడదు. ఫోన్ ఒక నెట్‌వర్క్‌లో, హబ్ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంటే మ్యాటర్ వస్తువులు కలవక తల పట్టుకుంటారు.

థ్రెడ్, జిగ్‌బీ రెండూ ఒకే ఐఈఈఈ 802.15.4 రేడియో మీద నడుస్తాయి. అందుకే ఒక్క డాంగిల్‌తో రెండూ నడిపే ఫర్మ్‌వేర్ (డాంగిల్ లోపలి సాఫ్ట్‌వేర్) వచ్చింది. కాని దాన్ని హోమ్ అసిస్టెంట్ వాళ్లే ఇప్పుడు సిఫార్సు చేయడం లేదు, రెండూ కావాలంటే రెండు డాంగిల్‌లు పెట్టుకోమంటున్నారు. మీరు చూసిన దాని మీద రెండూ రాసి ఉన్నా, జిగ్‌బీ ఫర్మ్‌వేర్ ఒక్కటే వేసుకుని వాడండి. థ్రెడ్ అవసరం వచ్చిన రోజున ఇంకోటి కొనుక్కోవచ్చు.

పారేయాల్సి వస్తుందన్న భయం పెట్టుకోకండి. మీ జిగ్‌బీ వస్తువులు మాట్లాడేది మీ డాంగిల్‌తో, మీ ఇంట్లోనే. ఏ కంపెనీ సర్వర్ మూసేసినా వాటికి సంబంధం లేదు. డాంగిల్ పాడైతే బదులు పెట్టుకోవడానికి నెట్‌వర్క్ బ్యాకప్ తీసి పెట్టుకోండి చాలు. మ్యాటర్ వస్తువు ఏది కొన్నా, దాని మీది క్యూఆర్ స్టిక్కర్‌ను, 11 అంకెల కోడ్‌ను బిగించకముందే ఫొటో తీయండి. రీసెట్ చేసి మళ్లీ కలపాలంటే ఆ కోడ్ కావాలి. గోడలో బిగించిన రిలే వెనక ఉన్న స్టిక్కర్ మళ్లీ చూడాలంటే బోర్డంతా విప్పాలి.

జెడ్‌-వేవ్ అనే ఇంకో రేడియో పద్ధతి గురించి మీరు అడగలేదు కాని, వెతుకుతుంటే కంట పడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ రద్దీ దానికి లేదు, చాలా నమ్మకంగా పనిచేస్తుంది. అయితే దేశాన్ని బట్టి ఫ్రీక్వెన్సీ మారుతుంది. అమెరికాలో 908.42 మెగాహెర్ట్జ్, యూరప్‌లో 868.42. అక్కడి వస్తువు ఇక్కడి కంట్రోలర్‌తో కలవదు. బయటి దేశం నుంచి ఎవరైనా తెచ్చిస్తామంటే దాని మీద ఏ ప్రాంతానిదని రాసి ఉందో అడిగి చూసుకోండి.

తీగలమనిషి:

రెండోగది గారు చెప్పిన దానికి కలిపి, వస్తువులు వచ్చాక చేయాల్సిన పని చెబుతాను. కొనడం ఎంత జాగ్రత్తగా చేసినా, ఇక్కడ తొందరపడితే మంచి సెన్సర్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది.

డాంగిల్‌ను మినీ పీసీకి నేరుగా గుచ్చకండి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన ఎస్‌ఎస్‌డీలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి, దీని మీద ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వెలువరించింది. మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసుకుని, డాంగిల్‌ను పీసీకీ వైఫై రౌటర్‌కీ దూరంగా పెట్టండి. ‘ఈ సెన్సర్ ఊరికే ఆఫ్‌లైన్ అవుతోంది’ అని పిలిచిన చోట నేను మొదట చూసేది ఇదే.

వస్తువులు కలపకముందే ఛానెల్ నిర్ణయించుకోండి. తర్వాత మారిస్తే కొన్నిటిని మళ్లీ కలపాల్సి వస్తుంది. జిగ్‌బీకి 11 నుంచి 26 దాకా ఛానెళ్లు ఉంటాయి. వాటి అంకెలు వైఫై ఛానెళ్ల అంకెలతో సరిపోవు, పోల్చుకోకండి. మీ వైఫై 1 మీదో 6 మీదో ఉంటే జిగ్‌బీని 25 మీద పెట్టండి. వైఫై 11 మీద ఉంటే 15 నయం. 26 కూడా ఖాళీగానే ఉంటుంది కాని, కొన్ని వస్తువులు అక్కడ తక్కువ శక్తితో పంపుతాయి, కొన్ని అసలు పనిచేయవు. వైఫై 2.4 వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి.

ముందు ప్లగ్‌లు కలపండి, అవీ అవి ఉండబోయే చోటే. ఆ తర్వాత సెన్సర్లు. బల్ల మీద అన్నీ కలిపేసి తర్వాత గదులకు పట్టుకెళ్తే, కొన్ని బ్రాండ్ల పాత సెన్సర్లు మొదట దొరికిన రౌటర్‌ను వదలవు. నడవ సెన్సర్‌ను నడవలోనే నిలబడి కలపండి. తలుపు ఇనుముదైతే డోర్ సెన్సర్ అయస్కాంతం పట్టు తగ్గుతుంది, అతికించకముందు టేపుతో పెట్టి చూడండి. నీళ్ల సెన్సర్‌కు ఇంట్లోనే మోగే సైరన్ ఒకటి జత చేయండి. ఇంటర్నెట్ లేనప్పుడు బయట ఉన్న మీ ఫోన్‌కు కబురు రాదు, ఇంట్లో ఉన్నవాళ్లకైనా తెలియాలి. ఏసీకి ఐఆర్ బ్లాస్టర్ పనిచేస్తుంది కాని, అది రిమోట్‌లా పంపడమే తప్ప ఏసీ నిజంగా ఆగిందో లేదో తిరిగి చెప్పదు.

ఒక్క విషయం మిగిలింది. మీరు ఇంటర్నెట్ పోతే అన్నారు, మరి మినీ పీసీయే ఆగిపోతే? అప్‌డేట్ అవుతున్నప్పుడో, డిస్క్ పాడైనప్పుడో అలా జరగొచ్చు. నాన్నగారి లైటుకు దానికీ మార్గం ఉంది. జిగ్‌బీలో బైండింగ్ అని ఒక ఏర్పాటుంది. సెన్సర్‌ను ప్లగ్‌కు నేరుగా కట్టేస్తే, మధ్యలో హబ్ లేకపోయినా సెన్సర్ చెప్పిన మాట ప్లగ్ వింటుంది. అన్ని మోషన్ సెన్సర్లూ దీన్ని చేయలేవు, చాలావరకు కదలికను హబ్‌కు నివేదించి ఊరుకునేవే. ఐకియా ట్రాడ్‌ఫ్రి మోషన్ సెన్సర్ లాంటివి ‘వెలుగు, ఇంతసేపటికి ఆరిపో’ అనే ఆదేశాన్ని తామే పంపుతాయి. మీరు సెన్సర్ ఎంచుకునేటప్పుడు ఆ డివైస్ పేజీలో బైండింగ్ ప్రస్తావన ఉందేమో వెతకండి. ప్లగ్ అలాంటి ఆదేశాన్ని పాటిస్తుందో లేదో కట్టి చూస్తేనే తేలుతుంది, అందుకే రెండూ ఒక్కొక్కటే తెప్పించమంటున్నాను.

వెలుగుదారి:

బైండింగ్ ఉన్న సెన్సర్ ఒకటి, ప్లగ్ ఒకటి, ఎక్స్‌టెన్షన్ కేబుల్, డాంగిల్. మొదటి విడతలో ఇంతే ఆర్డర్ పెడుతున్నాను. గీజర్ ప్లేటు చూశాను, 2000 వాట్లు. కాంటాక్టర్ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయిస్తాను, అంతవరకూ దాన్ని ముట్టుకోను.

తీగలమనిషి గారూ, ప్లగ్, సెన్సర్ కట్టాక పరీక్షించడానికి మినీ పీసీ ఆపేసి నడవలో నడిస్తే సరిపోతుందా, డాంగిల్ కూడా పీకాలా?

తీగలమనిషి:

మినీ పీసీ ఆపితే డాంగిల్‌కు కరెంటు ఆగుతుంది, విడిగా పీకక్కర్లేదు. కొన్ని పీసీలు ఆపినా యూఎస్‌బీకి కరెంటు ఇస్తూనే ఉంటాయి, అందుకే వెనక పవర్ కేబుల్ తీసేయండి. ఒక గంట అలాగే వదిలేసి అప్పుడు నడవండి. ఒక్కసారి వెలగగానే సరే అనుకోవద్దు. ఆరేదాకా ఆగి, మళ్లీ నడిచి చూడండి.